పలుకని ఆటగాడు

ఉదయము బడిగంట మ్రోగును. ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరచి ఒక్కొక్క పేరే పిలుచును. “ఉన్నానండీ” యని పలుకు వచ్చినచో హాజరు, రాకున్న గైరుహాజరు. పలుకని పిల్లవాడు ఎక్కడ నున్నాడు? జ్వరముతో ఇంట పడియున్నాడా? వాగు పొంగుటచే అవతలిగట్టున నిలిచిపోయినాడా? బడి ఎగగొట్టి మామిడితోటలో తిరుగుచున్నాడా? లేక వెనుకబల్లమీదనే కూర్చుండి, పరధ్యానమున పిలుపు వినకున్నాడా? పట్టీలో ఈ నాలుగింటికిని గుర్తు ఒక్కటే. ఆ గుర్తును మాత్రమే చూచి శిక్షించు ఉపాధ్యాయుడు ఒకనాడు దోషిని శిక్షించును, మరియొకనాడు రోగిని శిక్షించును.

ఈ చిక్కు బడికి మాత్రమే పరిమితమైనది కాదు. పిల్లలును పెద్దలును ఇంటర్నెట్టు ద్వారా కలిసి ఆడుకొను ఆటలలో ఇది దినదినము ఎదురగుచున్నది. ఆట మంచి పట్టులో నుండగా ఒక ఆటగాడు నిలిచినచోటనే కొయ్యవలె నిలిచిపోవును. కొన్ని క్షణములకు మాయమగును. మైన్‌క్రాఫ్ట్ అను ప్రసిద్ధమైన ఆటలో అప్పుడు తక్కినవారి తెరలమీద ఒక పంక్తి కనబడును: ఫలానావారు ఆటను విడిచిరి. తానుగా సెలవు తీసికొని పోయినవారికిని, పోదలచకయే పడిపోయినవారికిని ఆ పంక్తి ఒక్కటే. ఓటమికి జడిసి పారిపోయినాడని ఎదుటి పక్షమువారు నవ్వుదురు. నిర్వాహకుడు సర్వరును సరిగా చూచుట లేదని స్నేహితులు కోపింతురు. పడిపోయినవాడు తన యింట కూర్చుండి, తన్ను వెలుపలికి నెట్టినదెవరో తెలియక వగచును. ముగ్గురును తమతమ ఊహలనే నిజమని నమ్ముదురు. నిజమును కనుగొను విధానము వేరుగా నున్నది. అది కంప్యూటరు శాస్త్రమునకు చెందినదే యైనను, అందలి వివేకము తరగతిగదికిని పనికివచ్చునట్టిది.

ఆట జరుగుచోటు

పలువురు ఒకే లోకమున సంచరించు ఆట క్రొత్తది కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి ‘మడ్’ అను ఆటను వ్రాయనారంభించెను. రిచర్డ్ బార్టిల్ అను మరియొక విద్యార్థి దానిని పెంపొందించెను. అందులో బొమ్మలు లేవు. గదులు, అడవులు, నిధులు అన్నియు మాటలలోనే వర్ణింపబడెను. అయినను ఒకరు వేసిన అడుగు మరియొకరికి తెలియుచుండెను. నేటి ఆటలకు రంగులును రూపములును వచ్చినవి గాని, మూలసూత్రము మారలేదు.

ఆ సూత్రమేమనగా, ఆటలోకము ఏ ఆటగాని ఇంటను లేదు. అది సర్వరు అనబడు వేరొక కంప్యూటరులో నున్నది. ఆటగాని తెరమీద కనబడునది దాని ప్రతిబింబము మాత్రమే. ఆటగాడు మీట నొక్కినప్పుడు ఆ వార్త ప్యాకెట్టు అను చిన్న పొట్లముగా కట్టబడి సర్వరునకు పోవును. సర్వరు అందరి వార్తలను చేర్చుకొని, లోకమును ఒక అడుగు ముందునకు నడిపి, క్రొత్త స్థితిని అందరికిని తెలుపును. మైన్‌క్రాఫ్ట్ సర్వరు ఈ పనిని సెకండునకు 20 మారులు చేయును. అనగా ఒక్కొక్క అడుగునకు 50 మిల్లీసెకండ్ల వ్యవధి. సెకండులో వేయవవంతు మిల్లీసెకండు.

ఈ వార్తలకు ప్రయాణకాలము తప్పదు. గాజుతంతువులో వెలుగు సెకండునకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి సింగపూరునకు సూటిగా సుమారు 3,300 కిలోమీటర్లు. కావున హైదరాబాదులోని బాలుని వార్త సింగపూరులోని సర్వరునకు చేరి, దాని ప్రతివచనము మరలివచ్చుటకు ఎంత శ్రేష్ఠమైన తంతువైనను 33 మిల్లీసెకండ్లకు తక్కువ పట్టదు. ఏడవ తరగతి విద్యార్థి చేయదగిన లెక్క యిది. సముద్రగర్భమున కేబుళ్లు సూటిగా పోవు. నడుమ పెక్కు రౌటర్లు కలవు. ఇంటిలోని వై-ఫై తన వంతు ఆలస్యమును చేర్చును. కావున నిజముగా పట్టు కాలము లెక్కకు వచ్చినదానికంటె ఎప్పుడును హెచ్చుగనే యుండును, అదియును క్షణక్షణమునకు మారుచుండును.

మౌనమునకు అర్థమేమి?

సర్వరు కూడ హాజరు తీసికొనును. మధ్యమధ్య ప్రతి ఆటగాని యంత్రమునకును ఒక చిన్న సందేశమును పంపి ‘ఉన్నావా?’ యని అడుగును. ఆ యంత్రము ‘ఉన్నాను’ అని బదులు పలుకవలెను. నియమితమైన గడువులోపల బదులు రానిచో సర్వరు ఆ పేరును పట్టీనుండి కొట్టివేయును. ఈ గడువునకే టైమౌట్ అని పేరు.

గడువు మీరిన మౌనమునకు కారణము లనేకములు. ఆటగాని ఇంట విద్యుత్తు పోయియుండవచ్చును. దారిలో కేబులు తెగియుండవచ్చును. బదులు బయలుదేరి, దారిలో రద్దీచే చిక్కుకొని యుండవచ్చును. లేదా బదులు సకాలముననే వచ్చినను, వేరొక పనిలో మునిగియున్న సర్వరు దానిని వినలేకపోయి యుండవచ్చును. చివరి కారణము విచిత్రమైనది. అక్కడ చెవిటిది సర్వరు. మూగవాడని ముద్ర పడినది ఆటగానికి.

సర్వరునకు ఇంకను తెలివి నేర్పినచో ఈ సందేహము తీరదా యని విద్యార్థులు అడుగవచ్చును. పూర్తిగా తీరదు. 1985లో ఫిషర్, లించ్, పాటర్సన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతమును నిరూపించిరి. సందేశము ఎంతకాలమునకు చేరునో హద్దు లేని వలలో, ఒక్క యంత్రము చెడిపోవుటకు అవకాశమున్నను, తక్కిన యంత్రము లన్నియు ఎల్లప్పుడును ఒకే నిర్ణయమునకు తప్పక వచ్చునట్టి నిశ్చితపద్ధతి యుండజాలదని వారు తేల్చిరి. దానికి మూలమున నున్న చిక్కు ఇదే: మందగించినవానికిని మరణించినవానికిని గల భేదము దూరమునుండి తెలియదు.

కావున గడువనునది సత్యము కాదు. అజ్ఞానములో చేయబడు ఒక తీర్పు. గడువును మరీ తగ్గించినచో నెమ్మదిగా పలుకువారు అన్యాయముగా వెలుపల పడుదురు. మరీ పెంచినచో, నిజముగా పోయినవాని బొమ్మ ఆటనడుమ శిలవలె నిలిచి అందరికిని అడ్డమగును. ఎంత గడువు తగునో ఆ వలలోని వాస్తవ పరిస్థితులను కొలిచియే నిశ్చయింపవలెను.

తొందరపాటు తెచ్చిన ముప్పు

ఆలస్యమును నష్టమని భ్రమించుటవలన ఎంత అనర్థము కలుగునో ఇంటర్నెట్టు చరిత్రలోనే గొప్ప నిదర్శన మున్నది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున లారెన్సు బర్కిలీ ప్రయోగశాలకును, బర్కిలీలోని విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము సుమారు 400 గజములు. 1986 అక్టోబరులో ఈ రెండింటి నడుమ సెకండునకు 32,000 బిట్ల చొప్పున సాగుచుండిన వార్తాప్రవాహము ఒక్కసారిగా 40 బిట్లకు పడిపోయెను. తీగలు తెగలేదు, యంత్రములు చెడలేదు.

వాన్ జేకబ్సన్, మైకేల్ కేరల్స్ అనువారు దీని కారణమును వెదకి 1988లో ప్రకటించిరి. పంపిన ప్యాకెట్టు అందినదను వార్త సకాలమున రానిచో, పంపిన యంత్రము అది దారిలో పోయినదని తలచి రెండవ ప్రతిని పంపును. రద్దీ హెచ్చినప్పుడు పలుమారులు మొదటి ప్రతి పోలేదు; ఆలస్యమైనది మాత్రమే. రెండవ ప్రతి బయలుదేరి రద్దీని ఇంకను పెంచెను. అంతట ఆలస్యము మరింత హెచ్చెను. మూడవ ప్రతి బయలుదేరెను. జాతరలో ఇరుకుసందున జనము చిక్కుకొనినప్పుడు, వెనుకనున్నవారు ముందువారు కదలుట లేదని త్రోయనారంభించినచో ఏమగునో ఇక్కడను అదియే అయ్యెను. ప్రతివచనము వచ్చు కాలమును, అందలి హెచ్చుతగ్గులను కొలిచి గడువును పెట్టుట, నష్టము తోచినప్పుడు పంపు వేగమును తగ్గించుట, ప్రారంభమున మెల్లగా మొదలిడుట అనునవి వారు సూచించిన చికిత్సలలో ముఖ్యమైనవి. నేటి ఇంటర్నెట్టు నిలిచి నడచుచున్నదన్న, ఆ ఓరిమి దానికి నేర్పబడుటయే ఒక కారణము.

అడుగవలసిన ప్రశ్నలు

ఆటగాడు పడిపోయినాడను ఫిర్యాదు వచ్చినప్పుడు నేర్పరియైన నిర్వాహకుడు వెంటనే దేనిని మార్చడు. అనుభవము లేనివాడు సర్వరును ఆపి మరల ప్రారంభించును. సాక్ష్యమంతయు అందుతో కొంత చెరిగిపోవును. మంచి వైద్యుడు మందిచ్చుటకు ముందు నాడి చూచును; జ్వరము ఏవేళ వచ్చుచున్నది, ఎంతసేపుండుచున్నది, ఇంటిలో ఇంకెవరికైన నున్నదా యని అడుగును. ఇక్కడను ప్రశ్నలు అట్టివే.

మొదటి ప్రశ్న: పడిపోయినవారెవరు? అందరును ఒక్కక్షణముననే పడిపోయినచో, దోషము సర్వరునందో దాని వాకిటనో వెదకవలెను. మైన్‌క్రాఫ్ట్ జావా కూర్పు యొక్క సర్వరు జావా అను భాషలో వ్రాయబడినది. జావాలో వాడి విడిచిన జ్ఞాపకస్థలమును ఊడ్చి శుభ్రపరచు పని అప్పుడప్పుడు జరుగుచుండును. స్థలము చాలనప్పుడు ఆ ఊడ్పు దీర్ఘమై, సర్వరు అంతవరకు స్తంభించును. ఈ సర్వరునకు తన్ను తాను కనిపెట్టుకొను కావలి యొకటి కలదు. 50 మిల్లీసెకండ్లలో ముగియవలసిన ఒక్క అడుగు 60 సెకండ్లకును ముగియనిచో, మామూలు ఏర్పాటు ప్రకారము అది తాను చెడితినని నిశ్చయించుకొని ఆగిపోవును. అంతకు ముందే, తాను వెనుకబడుచున్నానని తన నమోదులో వ్రాసికొనును. ఆ పంక్తి కనబడినచో ఆటగాండ్రను ప్రశ్నింప పనిలేదు.

అందరును గాక, ఒకే ఊరివారో ఒకే సంస్థవద్ద ఇంటర్నెట్టు తీసికొన్నవారో పడిపోయినచో, దోషము దారిలో నున్నది. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున సముద్రగర్భపు కేబుళ్లు తెగినప్పుడు భారతదేశమున ఇంటర్నెట్టు మందగించెను. ఆనాడు ఇంటిలోని యంత్రమును ఎన్నిమారులు ఆపి వెలిగించినను ప్రయోజనము లేకపోయెను. ఒక్కరే పడిపోయినచో, వెదకుట ఆ ఇంటనుండి ప్రారంభింపవలెను.

రెండవ ప్రశ్న: ఎప్పుడు? కదలక మెదలక కూర్చున్నవారు మాత్రమే ఇంచుమించు ఒకే వ్యవధి తరువాత పడిపోవుచున్నచో, ఇంటి రౌటరును అనుమానింపవలెను. ఇంటిలోని పలు యంత్రములు వెలుపలికి ఒకే చిరునామాతో కనబడును. ఏ వార్త ఏ యంత్రమునకు చెందినదో రౌటరు ఒక పట్టికలో వ్రాసికొనును. కొంతసేపు వార్త లేనిచో ఆ పంక్తిని చెరిపివేయును. యు.డి.పి. అను పద్ధతిలో నడచు వార్తలకు ఆ వ్యవధి 2 నిమిషములకు తగ్గరాదని 2007లో వెలువడిన ఒక ఇంటర్నెట్టు ప్రమాణము చెప్పుచున్నది. అయినను 30 సెకండ్లకే చెరిపివేయు యంత్రములు లేకపోలేదు. సర్వరు అంతకు ముందే పలుకరించుచున్నచో ఈ చిక్కు రాదు.

మూడవ ప్రశ్న: ఏమి చేయుచుండగా? కొందరు ఆటలోనికి సులభముగా ప్రవేశింతురు. లోకము తెరమీదికి రావలసిన క్షణమున పడిపోవుదురు. ఇది ప్యాకెట్టు పరిమాణమునకు సంబంధించిన వ్యాధి కావచ్చును. ఈథర్నెట్టులో ఒక ప్యాకెట్టునకు పరిమితి సాధారణముగా 1,500 బైట్లు. కొన్ని బ్రాడ్‌బ్యాండు పద్ధతులలో అది 1,492 మాత్రమే. పరిమితిని మీరిన ప్యాకెట్టు వచ్చినప్పుడు, అది పెద్దదైనదని పంపినవారికి తిరిగి తెలుపు ఏర్పాటు కలదు. నడుమ నెవరో అతిజాగ్రత్తతో ఆ తిరుగువార్తను అడ్డగించినచో, పలుకరింపులు దాటిపోవును, మూటలు మాత్రము మాయమగుచుండును. సన్నని ద్వారమున మనుషులు పోవుచు, మంచము మాత్రము ఇరుకుకొనినట్లు.

నాలుగవ ప్రశ్న: నమోదులో ఏమున్నది? తెరమీద అందరికిని కనబడు పంక్తి ఒక్కటే యైనను, సర్వరు తన నమోదులో కారణమును వేరుగా వ్రాసికొనును. సెలవు తీసికొని పోయినవానికి ఒక మాట, గడువు మీరినవానికి మరియొక మాట. ఆటగాని యంత్రముకూడ తన నమోదును తాను వ్రాయును. రెండు గడియారములను సరిచూచుకొని, రెండు నమోదులను ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను. ఒక పక్షపు వాంగ్మూలముతో తీర్పు చెప్పుట న్యాయస్థానమున ఎంత తప్పో, ఇక్కడను అంత తప్పు.

ప్రతిధ్వని

దారిని పరీక్షించుటకు రెండు పరికరములు ప్రసిద్ధములు. మొదటిది ‘పింగ్’. అమెరికా సైన్యమునకు చెందిన బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేయుచుండిన మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో, తమ వలలోని ఒక దోషమును వెదకుచు, దానిని ఒక్క సాయంకాలమున వ్రాసెను. నీటిలోని ఓడ శబ్దమును పంపి, ప్రతిధ్వనిని బట్టి ఎదుటి వస్తువును గుర్తించు సోనార్ పద్ధతి అతనికి స్ఫూర్తి. ఒక చిన్న ప్యాకెట్టును పంపి, అది మరలివచ్చుటకు పట్టిన కాలమును పింగ్ చెప్పును. రెండవది ‘ట్రేస్‌రూట్’. దీనిని పైన చెప్పిన వాన్ జేకబ్సన్ రచించెను. దారిలోని ఒక్కొక్క రౌటరునుండి బదులు రాబట్టి, ఏ మజిలీవరకు ఎంతకాలము పట్టినదో ఇది చూపును.

వీనిని చదువుటకును వివేకము కావలెను. నడుమనున్న రౌటరు ఒకటి బదులీయకున్నంత మాత్రమున అది చెడినదని అర్థము కాదు. దాని కావల నున్నవి చక్కగా పలుకుచున్నచో, అది వార్తలను దాటించుచునే యున్నది. తాను మాత్రము పలుకుట లేదు. ఒక్కమారు పింగ్ చేసి చూచిన చాలదు. ఆగి ఆగి వచ్చు రోగము పరీక్షావేళ దాగియుండును. కావున ఫిర్యాదు వచ్చు వేళలోనే, చాలసేపు, విడువక కొలువవలెను.

ఒక అపనింద

ఈ విధానము ఆచరణలో ఎట్లుండునో తెలియుటకు ఇట్టి సందర్భము నొకదానిని ఊహింపవచ్చును. కొందరు విద్యార్థులు కలిసి ఒక మైన్‌క్రాఫ్ట్ సర్వరును నడుపుకొనుచున్నారు. వారిలో పెద్దవాడు నిర్వాహకుడు. సాయంకాలము రెండు జట్లు కోటలు కట్టుకొని పోరాడుకొనును. ఒక బాలిక, పోరు ముదిరినప్పుడెల్ల మాయమగుచున్నది. ఓటమి సమీపించగనే పారిపోవుచున్నదని తోడివారు నిశ్చయించిరి. ఆమెను జట్టునుండి తొలగింపవలెనని ఒకరిద్దరు కోరిరి. వారి సాక్ష్యము బలమైనదిగనే కనబడుచున్నది. పది మారులు పడిపోయిన పది మారులును పోరు నడుమనే.

నిర్వాహకుడు తొలుత సర్వరు నమోదును తీసి చూచెను. ఆమె పేరు ఎదుట ప్రతిసారియు గడువు మీరినదనియే యున్నది; సెలవు తీసికొన్న గుర్తు ఒక్కటియు లేదు. దీనితో ఆమె నిర్దోషిత్వము స్థిరపడలేదు. తీగను చేతితో లాగివేసినను నమోదులో ఇదే పడును. కాని మీట నొక్కి పారిపోయినదను మాట మాత్రము కొట్టివేయబడినది.

తరువాత అతడు పోరు సమయమున ఇంకేమి మారుచున్నదని యోచించెను. పోరు జరుగునప్పుడు ఇరువది మంది ఒక్కచోట చేరుదురు. ఒక్కొక్కరి కదలికయు తక్కిన అందరికిని పంపవలెను. కావున ఆ వేళ ప్రతి ఇంటికిని పోవు వార్తల బరువు పలు రెట్లగును. మైన్‌క్రాఫ్ట్ జావా కూర్పు టి.సి.పి. అను పద్ధతిని అనుసరించును. అందులో వార్తలు పంపిన వరుసలోనే అందవలెను. ఒకటి దారిలో పోయినచో, అది మరల వచ్చువరకు వెనుకవన్నియు ఆగును. ‘ఉన్నావా?’ అను పలుకరింపు కూడ ఆ వరుసలోనే నిలువవలెను. బలహీనమైన సంబంధము గల ఇంట, ఆ పలుకరింపు చేరులోపలనే గడువు ముగియును. అనగా ఆమె ఓడుటవలన పడిపోవుట లేదు. గుంపు చేరుటవలన పోరు ముదురుచున్నది. ఆ గుంపు చేరుటవలననే ఆమె పడిపోవుచున్నది. రెండింటికిని తల్లి ఒక్కతే.

ఇది ఇంకను ఊహయే. అతడు ఆమెతో మాట్లాడి, “ఆ వేళకు మీ ఇంట్లో ఇంకెవరైనా నెట్ వాడుతుంటారా, చెల్లీ?” అని అడిగెను. “అన్నయ్య సినిమా చూస్తుంటాడండీ. నేను వెనక గదిలో ఆడతాను” అని ఆమె చెప్పెను. రెండు అనుమానములు దొరకినవి. ఒకటి సినిమా, రెండవది వెనుకగది. రెండింటిని ఒకేసారి మార్చినచో దోషము తొలగవచ్చును గాని, దేనివలన తొలగినదో తెలియదు. కావున మొదట సినిమాను మాత్రము ఆపించెను. ఆమె అప్పటికిని పడిపోయెను. తరువాత సినిమాను సాగనిచ్చి, ఆమె యంత్రమును రౌటరునకు కేబులుతో కలిపించెను. వరుసగా కొన్ని సాయంకాలములు ఆమె ఒక్కమారైనను పడిపోలేదు. ఇంతటితో తృప్తి చెందక, కేబులును తీసివేయించి, మరల వెనుకగదినుండి వై-ఫైతో ఆడుమనెను. ఆమె మరల పడిపోయెను. ఈ చివరి పరీక్ష ముఖ్యమైనది. దోషము తొలగినప్పుడు కారణము తెలిసినదనుకొనుట తొందరపాటు. కోరినప్పుడు దోషమును రప్పింపగలిగినప్పుడే కారణము చిక్కినట్లు.

కేబులు నిలిచెను, బాలిక జట్టులో నిలిచెను. నిర్వాహకుడు తన పక్షమునను ఒక దిద్దుబాటు చేసెను. ఆటగాని చుట్టును ఎంతదూరమువరకు లోకమును చూపవలెనో సర్వరులో ఒక అంకె కలదు. మామూలుగా అది 10. దానిని కొంత తగ్గించి, అందరి ఇండ్లకును పోవు బరువును తగ్గించెను. సంబంధము బలహీనముగా నున్న ఇంకెవరైన, చెప్పుకొనలేక, ఆట మానివేసియుండవచ్చునను తలంపు అతనికి కలిగెను.

తప్పు ఒప్పుకొన్న నేర్పరి

ఇట్టి దిద్దుబాటునకు పెద్ద నిపుణులును లొంగిరి. 1996 జూన్‌లో ‘క్వేక్’ అను ఆట వెలువడెను. దానిని రచించినవారిలో ముఖ్యుడు జాన్ కార్మాక్. అదే సంవత్సరము ఆగస్టులో అతడు బహిరంగముగా ఒక మాట ఒప్పుకొనెను. వార్త పోయివచ్చుటకు 200 మిల్లీసెకండ్లకు లోపు పట్టునను తలంపుతో తాను ఆటను కట్టితిననియు, టెలిఫోను తీగపై మోడెముతో ఆడు జనసామాన్యమునకు 300 మిల్లీసెకండ్లకు పైగా పట్టుచున్నదనియు, తన మూలభావనయే తప్పనియు అతడు వ్రాసెను. ఆడువారి తీగలను నిందింపలేదు. ఆ డిసెంబరులో ‘క్వేక్‌వరల్డ్’ అను క్రొత్త కూర్పు వెలువడెను. అందులో ఆటగాని యంత్రము సర్వరు పలుకువరకు వేచియుండక, తన అడుగు ఎక్కడ పడునో తానే ఊహించి చూపును. సర్వరు మాట వచ్చిన పిమ్మట సరిదిద్దుకొనును.

ఐస్లండు దేశమునకు చెందిన ‘ఈవ్ ఆన్‌లైన్’ అను ఆటలో మరియొక ఉపాయము కలదు. అందు వేలమంది ఒకే యుద్ధమున పాల్గొందురు. సర్వరు తట్టుకొనలేనప్పుడు ఆటగాండ్రు పడిపోవుచుండిరి. 2012లో నిర్మాతలు ఆ ఆటలో కాలమునే మందగింపజేయు ఏర్పాటును ప్రవేశపెట్టిరి. భారము హెచ్చినకొలది ఆటలోని గడియారము నెమ్మదించును. మామూలు వేగములో పదవవంతువరకు దిగును. 2014 జనవరి 27, 28 తేదీలలో జరిగిన ఒక మహాయుద్ధమున 7,500 మందికి పైగా పాల్గొనిరి. అది సుమారు 21 గంటలు సాగెను. కొందరిని వెలుపలికి నెట్టి వేగమును కాపాడుకొనుటకంటె, అందరును కలిసి నెమ్మదిగా నడచుట మేలని ఆ నిర్మాతలు నిశ్చయించిరి. మందబుద్ధియైన విద్యార్థికొరకు పాఠమును ఒక దినము ఆపిన ఉపాధ్యాయునకు ఈ నిర్ణయము వింతగా తోచదు.

పాఠమునుండి పడిపోయినవారు

ఇది ఆటల ముచ్చటగదా యని తేలికగా చూడవలదు. 2020లో కోవిడ్ వ్యాధి కారణమున బడులు మూతపడినప్పుడు, తెలుగునాట వేలకొలది పిల్లలు ఫోనులలో పాఠములు వినిరి. ఆ తరగతులకును నడుమ సర్వరే యుండెను, ఆ సర్వరునకును గడువే యుండెను. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసినంతనే ఒక పిల్లవాని చిత్రము స్తంభించును, తరువాత మాయమగును. ప్రశ్నకు జడిసి పోయినాడా? డేటా అయిపోయినదా? ఒకే ఫోనును ముగ్గురు పిల్లలు పంచుకొనుచుండగా, తమ్ముని తరగతి వేళ అయినదా? తెరమీద గుర్తు ఒక్కటే. దూరదర్శన్ ద్వారా పాఠములను ప్రసారము చేసినప్పుడు పడిపోవుట అను బాధ లేకపోయెను గాని, అవతల పిల్లవాడు వినుచున్నాడో లేదో తెలియు మార్గమును లేకపోయెను. పలుకరించు ఏర్పాటున్నచోటనే మౌనము వినబడును.

సర్వరును కాపాడు నిర్వాహకుడు నేర్చుకొనిన పాఠము పెద్దది కాదు. మౌనమును నేరముగా ఎంచరాదు, నిర్దోషిత్వముగాను ఎంచరాదు. ఎవరు, ఎప్పుడు, ఏమి చేయుచుండగా అని అడుగవలెను. రెండువైపులను చూడవలెను. ఒకసారి ఒక్కదానినే మార్చవలెను. అన్నిటికంటె ముందు, తాను వినలేకపోయితినేమో యని పరీక్షించుకొనవలెను.

రేపు ఉదయము మరల గంట మ్రోగును, పట్టీ తెరువబడును. ఒక పేరునకు పలుకు రాదు. ఉపాధ్యాయుడు పట్టీలో గుర్తు పెట్టవలసినదే, గడువు గడువే. కాని తరగతి ముగిసిన పిమ్మట ఆ పిల్లవాని వీధిలో నుండు మరియొక బాలుని పిలిచి, “వాడు ఎందుకు రాలేదురా?” అని ఒక్కమాట అడుగుటకు ఏ పరికరమును అక్కరలేదు.